గంగ నిలబడే చోటు

2023 జూన్. బెంగళూరులో యలహంక పాత పేటకు అవతల, ఎయిర్ బేస్ విమానాలు నెత్తి మీదుగా పోయే చోట మా ఎర్రమట్టి గ్రౌండ్ ఉంది. పొద్దున ఆరింటికల్లా అక్కడ ప్రాక్టీస్ మొదలవుతుంది. నేను ఫుట్‌బాల్ కోచ్‌ని. మా తాత హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, అంటే ఈ ఊళ్ళో మాది మూడో తరం. ఆడినన్నాళ్ళూ స్టాపర్‌గా ఆడాను. గోల్‌కీపర్‌కి ముందు, మధ్యలో నిలబడి వచ్చినవాళ్ళను వచ్చినట్టు ఆపేవాళ్ళను స్టాపర్ అంటారు. మోకాలు పాడయ్యాక బూట్లు వదిలి ఈల పట్టుకున్నాను. నాకు నోరు ఎక్కువని పేరుంది, కాదనను. దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ మాటకొస్తే రెఫరీల మీదా లేదు.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, చెప్పబోయే సంగతి విని ఈవిడకు ఏదో పట్టింది అనుకుంటారని. పట్టలేదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నాకు అర్థం కానిది ఈ ఒక్క సీజనే, అందుకని చెప్తున్నాను.

మా జట్టు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లలది. సిటీ లీగ్‌లో కింది డివిజన్‌లో ఆడేవాళ్ళం. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ గోల్ కొట్టాలనే ఉంటుంది. "అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరే?" అని మొదటి రోజే అరుస్తాను. నేను నేర్పేది మోసే పని. దాంట్లో కిటుకు ఒకటే: బంతి కనబడగానే ఎగబడకూడదు. ఎదుటివాళ్ళకున్న దారులన్నీ మూసి, ఒక్క తలుపు తెరిచిపెట్టాలి. ఇంకో దారి లేక వాళ్ళు ఆ తలుపులోంచే వస్తారు. ఎక్కడికొస్తారో వాళ్ళకంటే ముందే మనకు తెలుసు కాబట్టి, అక్కడ మన మనిషి కాచుకుని ఉంటుంది.

మా తలుపు ఎడమ వైపు ఉండేది. ఎదుటి పిల్ల దగ్గరికి బంతి రాగానే మా అమ్మాయి వంపు తిరిగి పరిగెత్తి, గ్రౌండ్ మధ్యలోకి పోయే దారిని ఒంటితో మూసేసి, ఆమెను అంచు గీత వైపు నెట్టుకుపోతుంది. దీన్ని ప్రెసింగ్ అంటాం. ఆ అంచు గీత టచ్‌లైన్. అది దాటితే బంతి మనది, కాబట్టి గీత మనకు జీతం అడగని డిఫెండర్. ఒకరు ప్రెస్ చేస్తుంటే వెనక నలుగురు డిఫెండర్లు ఒకే వరసలో, ఒకే ఎడంతో, ఒక్కటిగా జరగాలి. ఆ నలుగురినీ బ్యాక్ ఫోర్ అంటారు. ఒక్కరు బద్ధకించినా గోడకు కన్నం పడినట్టే.

ఒక్కటిగా జరగడం నేర్పడం బ్రహ్మవిద్య. అరిచి చెప్దామంటే మా గ్రౌండ్‌లో విమానం ఒకటి తయారు. అది పోయేదాకా నా నోరు కూడా పనిచేయదు. "కాళ్ళకు పారాణి పెట్టుకున్నారా?" అని తిట్టేదాన్ని, తిట్టూ వినబడేది కాదు.

దానికి ఉపాయం కనిపెట్టింది గంగ. మడకశిర వైపు నుంచి వచ్చిన కట్టుబడి మేస్త్రీ నాగప్ప కూతురు. దేవనహళ్ళి దారిలో కట్టే అపార్ట్‌మెంట్ల పక్క రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు. గంగ మా ఎడమ స్టాపర్. ఒకరోజు జేబులోంచి పసుప్పచ్చ నైలాన్ దారం ఉండ తీసింది.

"మేడం, గోడ కట్టేటప్పుడు మా నాయిన ఈ దారం బిగించి ఇటుక పేరుస్తాడు. దారం వంకర పోతే గోడ వంకర. మనమూ గోడే కదా?"

"దారం ఏం చేస్తుందే, కాళ్ళకు చుట్టుకుని పడతారు."

"ఒక దినం చూడండి. పడితే నన్ను తిట్టండి. ఎట్లా తిడతారు కదా."

నలుగురి నడుములకూ కట్టింది, మనిషికీ మనిషికీ మధ్య పది అంగల ఎడం. మేస్త్రీలు వేసే ముడి, లాగితే బిగుస్తుంది గాని ఊడదు. గంగ దారాన్ని ఒకసారి లాగితే అందరూ ముందుకు అడుగు వేయాలి. రెండుసార్లు లాగితే వెనక్కి తగ్గాలి. విమానం వచ్చినా పరవాలేదు, చెవులతో పని లేదు. రెండు నెలలు తిరిగేసరికి మ్యాచ్‌లో దారం లేకపోయినా నలుగురూ ఒక్కటిగా కదిలేవాళ్ళు. చూస్తుంటే నాకే ఒళ్ళు పులకరించేది. కుడి స్టాపర్ పవిత్ర, గంగకు ప్రాణస్నేహితురాలు. "మ్యాచ్‌లో కూడా నడుము దగ్గర లాగినట్టుంటాది మేడం," అనేది నవ్వుతూ.

ఆ ఆగస్టులో గంగకు జ్వరం వచ్చింది. డెంగ్యూ. ఆస్పత్రిలో చేర్చే వేళకే చెయ్యి దాటిపోయింది. నాలుగు రోజుల్లో మనిషి లేదు.

పిల్లల్ని తీసుకుని షెడ్డు దగ్గరికి వెళ్ళాను. నాగప్ప ఇసుక కుప్ప మీద కూర్చుని ఉన్నాడు, ఎవరినీ చూడలేదు. చావింటి నుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదు కదా. చెప్పకుండానే లేచి రావాలి. మేమూ అలాగే వచ్చేశాం. పవిత్ర మాత్రం బస్సెక్కేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

నేను చేసిన తప్పు ఆ తర్వాతి వారంలో ఉంది. లీగ్ ఇంకా నడుస్తోంది, ఎడమ స్టాపర్ లేదు, కొత్త పిల్ల దొరకలేదు. బ్యాక్ ఫోర్‌లో ముగ్గురే మిగిలారు. ప్రాక్టీస్ ఆపలేక, గంగ నిలబడే చోట ఒక ఇనప గుంజ పాతాను. ఆమె నడుముకు కట్టుకునే దారం ముడిని ఆ గుంజకు తగిలించాను. పిల్లలు ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు, పైగా ఊరట చెందినట్టు కనిపించారు. పవిత్ర గంగ పది నంబర్ జెర్సీ తెచ్చి గుంజకు తొడిగింది. నేను వద్దనలేదు. నాకూ బాగానే అనిపించింది, అబద్ధమెందుకు?

మూడు వారాలు అలాగే సాగింది. గుంజ కదలదు కాబట్టి, ముగ్గురూ కట్టేసిన మేకల్లా దాని చుట్టూ తిరుగుతూ ఆట నేర్చుకున్నారు. దూరం పోతే దారం నడుమును లాగేది. మళ్ళీ గుంజకేసి జరిగేవాళ్ళు. ఏ కోచింగ్ పుస్తకంలోనూ లేని ఆట అది.

అప్పుడు నజ్మా వచ్చింది. కదిరి వాళ్ళ పిల్ల, తండ్రి మస్తాన్ విమానాశ్రయానికి ట్యాక్సీ నడుపుతాడు. పిల్ల పొడగరి, బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టే చూపు. పది నిమిషాలు చూసి సరేనన్నాను. మస్తాన్ ట్యాక్సీ దిగకుండానే కిటికీలోంచి మాట్లాడాడు.

"మేడం, ఈ ఒక్క సీజనే చెప్పినాను పాపకు. స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటొస్తే సదువుతాది, ఆడతాది. రాకపోతే సర్జాపుర రోడ్డులో మా బామ్మర్ది బట్టలంగడి ఉండాది. కౌంటర్‌లో నిలబడతాది."

"మంచి పిల్లప్పా. సీటు వస్తుంది."

"మీరు చెప్పితే సాలదు కదా మేడం. సూసేవాళ్ళు సూడల్ల."

ఆ మాట నిజమే. కాలేజీలో ఆటల బాధ్యత చూసే ఫిజికల్ డైరెక్టర్, మేం పీడీ అంటాం, సీజన్ చివరి మ్యాచ్‌కు వస్తానని నాకు మాటిచ్చింది. ఒక డిఫెండర్ సీటు ఖాళీగా ఉందట. నజ్మా ఆట ఆమె కంట పడాలి. నేను చేయాల్సిన పని అంతే.

గుంజ పీకేసి ఆ చోట మనిషిని పెట్టాను. ఇక పని అయిపోయిందనుకున్నాను.

మొదటి మ్యాచ్‌లో మా మీద గోల్ పడలేదు, రెండో దాంట్లోనూ పడలేదు. అబ్బో, నా మీసానికి సంపెంగ నూనె, లేకపోయినా! మూడో మ్యాచ్‌లో గాని నాకు వెలగలేదు: బంతి మా ఎడమ వైపుకు రావడం లేదు. అసలు రావడం లేదు. మేము ఎడమ తలుపు తెరిచిపెడతామని లీగ్ అంతా ఎరిగిన సంగతే. ఎదుటి జట్టు పిల్లలు బంతితో అటు వస్తారు, గంగ నిలబడే చోటికి ఇరవై అడుగుల దూరంలో తల ఎత్తి చూస్తారు, గిరుక్కున కుడికి తిరిగిపోతారు. ఎదురుగా ఎవరూ అడ్డం లేరు. నజ్మా కాస్త పక్కగా, చేతులు చాచి బంతి కోసం అడుగుతూ నిలబడి ఉంటుంది. మావాళ్ళు కూడా ఆమెకు బంతి ఇవ్వరు.

ఆరోజు వాన పడింది. హాఫ్ టైంలో నేను గ్రౌండ్‌లోకి నడిచి వెళ్ళి చూశాను. మట్టి అంతా బూటు మేకులతో దున్నేసినట్టుంది. ఎడమ వైపున, మంచమంత మేర, నున్నగా ఉంది. ఒక్క అడుగు పడలేదు. నేను దాని అంచున నిలబడ్డాను గాని లోపల కాలు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో అప్పుడు ఆలోచించలేదు.

మ్యాచ్ అయ్యాక నజ్మా నా దగ్గరికొచ్చింది. జెర్సీకి మట్టి అంటలేదు.

"మేడం, నా ఆట బాగాలేదా?"

"ఆడితే కదే బాగుందో లేదో తెలిసేది."

"నేను ఆ జాగాకు పోతే వీళ్ళు ముగ్గురూ నా పక్కకి చూడరు మేడం. నేను అరిస్తే వినరు. నా పక్కనే ఇంకెవరో ఉన్నట్టు, వాళ్ళ మాట వింటా ఉన్నట్టు ఉంటారు." "నాకు ఆ జాగాలో చల్లగా ఉంటాది."

"వాన పడితే చల్లగా కాక వేడిగా ఉంటుందా?" అని కసిరాను. కసిరాక బాధపడ్డాను. పాపం, పిల్ల తలొంచుకుని వెళ్ళిపోయింది.

పవిత్రను పిలిచి అడిగాను, నజ్మా మాట ఎందుకు వినరని. ఆమె తడుముకోలేదు.

"లాగుతుంది కదా మేడం. లాగినప్పుడు పోతాము. అరవడం ఎందుకు?"

"ఎవరే లాగేది? దారం నా సంచిలో ఉంది."

పవిత్ర నన్ను జాలిగా చూసింది. "మీకు తెలీదా మేడం?" అంది.

ఆ రాత్రి నిద్ర పోయాను గాని, మర్నాడు భోజనాల వేళ మ్యాచ్ వీడియో పెట్టుకుని కూర్చున్నాను. నాకు దయ్యాలొద్దు, కాళ్ళు కావాలి. కాళ్ళు అబద్ధం చెప్పవు. నాలుగోసారి చూసినప్పుడు దొరికింది. మా ముగ్గురు డిఫెండర్ల అడుగులు గంగ చోటు చుట్టూ వంపు తిరుగుతున్నాయి, గుంజ చుట్టూ తిరిగినట్టే. ముందు ఆడే పిల్లలు కూడా, నేను చెప్పకుండానే, అరడుగు ఎడమకు జరిగి నిలబడుతున్నారు. ఆ అరడుగే చాలు, తలుపు మూసుకుపోతుంది. ఎదుటివాళ్ళకు కుడి తప్ప దారి లేదు. ఎవరూ మాట్లాడుకోకుండా జట్టు జట్టంతా ఒక్కటై, ఆ మంచమంత నేలను ఎవరూ తొక్కకుండా కాపలా కాస్తోంది. నేను నేర్పిన విద్యే. ఎంత బాగా నేర్చుకున్నారో చూస్తే కళ్ళనీళ్ళు తిరిగాయి. అదే సమయంలో భయమూ వేసింది.

మూడు వారాల పాటు, లేని మనిషితో కలిసి ఆడటం నేర్పింది నేను. నేర్పిందే వాళ్ళు ఆడుతున్నారు. దీంతో నాకు సగం అర్థమైంది. రెండో సగం అర్థం కావాలంటే ఎదుటి జట్లు కూడా ఎందుకు తల ఎత్తి చూసి ఆగుతున్నాయో తెలియాలి. వీడియోలో వాళ్ళ మొహాలు కనిపిస్తాయి. ఎవరికో దారి ఇస్తున్నట్టు ఉంటాయి.

ఇక నా బుద్ధి ఎలాంటిదో కూడా చెప్పాలి. మూడు మ్యాచ్‌లు, ఒక్క గోల్ పడలేదు. చివరి మ్యాచ్ డ్రా చేసుకున్నా పై డివిజన్‌కు వెళ్తాం. ఇప్పుడు కదిపితే గోడ కూలుతుందేమో. నజ్మా ఒక్కతే కదా, వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాను. వచ్చే ఏడు ఆమెకు లేదని తెలిసే అనుకున్నాను. రెండు రోజులు ఆ మాటతోనే గడిపాను, సిగ్గు లేకుండా.

చివరి మ్యాచ్‌కు ముందు ప్రాక్టీస్‌కు నజ్మా రాలేదు. మస్తాన్‌కు ఫోన్ చేశాను.

"పాపకు ఆడ నిలబడాలంటే బయం అంటా ఉండాది మేడం. అంగట్లో అయినా నిలబడతాను గాని ఆ జాగాలో వద్దంటాది. ఏమి, ఏమన్నా గాలి ఉండాదా మీ గ్రౌండ్‌లో?"

"గాలీ లేదు ధూళీ లేదు. తప్పు నాది. రేపు మ్యాచ్‌కు తీసుకురాప్పా, నేను సరిచేస్తాను."

ఫోన్ పెట్టేసి, సంచిలోంచి దారం తీశాను. ఈ నడుము లాగడం సంగతి ముందు తేల్చేద్దామని ముగ్గురినీ వాళ్ళ ముళ్ళలో నిలబెట్టాను. గంగ ముడిని నా నడుముకు తగిలించుకుని, ఆమె చోట నేను నిలబడ్డాను. "చూడండి, ఇక్కడ ఎవరూ లేరు, నేనున్నాను. నేను లాగితేనే లాగినట్టు. తెలిసిందా?" అన్నాను.

పొద్దున ఆరున్నర. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. విమానం ఒకటి తక్కువ ఎత్తున వచ్చింది, చెవులు గింగురుమన్నాయి. ఆ చప్పుడు మధ్యలో నా నడుము దగ్గర దారం ఒక్కసారి లాగింది. గట్టిగా కాదు, పిల్లలు అమ్మ కొంగు లాగినట్టు. నలుగురం కలిసి ఒక అడుగు ముందుకు వేశాం. చప్పుడు పోయాక కిందికి చూశాను. దారం రెండు వైపులా వదులుగా నేల మీద పడి ఉంది. ఆ వదులు దారాన్ని ఎవరు లాగినా నా దాకా రాదు. ముందు నేనే అడుగు వేశానేమో, అలవాటుగా. ఇప్పటికీ చెప్పలేను.

పవిత్ర నెమ్మదిగా అడిగింది. "తెలిసిందా మేడం?"

"నోర్ముయ్," అన్నాను. దారం విప్పకుండానే తల మీదుగా తీసేసుకున్నాను.

చివరి మ్యాచ్ రోజు మబ్బు పట్టి ఉంది. పీడీ వచ్చి టచ్‌లైన్ పక్కన నోటు పుస్తకంతో కూర్చుంది. మస్తాన్ నజ్మాను దింపి, తను ట్యాక్సీకి ఆనుకుని నిలబడ్డాడు. ఎదుటి జట్టులో ఏడో నంబర్ అమ్మాయి మా లీగ్‌లోకెల్లా వేగం. కన్నడ పిల్ల, భయమంటే ఎరగదు.

ఫస్ట్ హాఫ్ మళ్ళీ అదే కథ. ఏడో నంబర్ మూడుసార్లు మా ఎడమ వైపు దూసుకొచ్చింది, మూడుసార్లూ తల ఎత్తి చూసి కుడికి తిరిగింది. మావాళ్ళు ఒక గోల్ కొట్టారు. నజ్మా కాలికి బంతి తగల్లేదు. పీడీ పుస్తకం మూసి వాచీ చూసుకుంది. హాఫ్ టైం ఈల పడగానే నా దగ్గరికొచ్చి, "మీ మూడో నంబర్, ఆ నజ్మా గురించి చెప్పారు గాని, ఆమె ఆడుతున్నట్టే లేదు. నేను బయల్దేరతాను," అంది.

"పదిహేను నిమిషాలు కూర్చోండి. నా మాట మీద," అన్నాను.

పిల్లల్ని గంగ చోటికి నడిపించాను. నేను ముందు కాలు పెట్టాను. నున్నటి మట్టిలో నా బూటు గుర్తు పడితే పవిత్ర ఉలిక్కిపడింది. అందరినీ చుట్టూ కూర్చోబెట్టి, సంచిలోంచి దారం తీసి గంగ ముడిని పవిత్ర చేతిలో పెట్టాను.

"విప్పు."

"అది గంగది మేడం."

"గంగదే. గుంజకు కట్టి దాన్ని ఇక్కడ నిలబెట్టింది నేను. ఆరోజు వాళ్ళింటి నుంచి చెప్పకుండా వచ్చేశాం. ఆచారం, తప్పు లేదు. కానీ ఇది దాని గ్రౌండ్, ఇక్కడ కూడా చెప్పకుండా ఉంటే ఎట్లా? దానికెవరు చెప్తారు ఆట అయిపోయిందని?"

పవిత్ర ముడిని గుప్పిట్లో మూసుకుంది. ఆమె కంటే ముందు నజ్మా ఏడ్చింది. "అక్కా, నేను ఆమె జాగా తీసుకోను. పక్కన కొంచెం జాగా ఇస్తే చాలు," అంది.

అప్పుడు పవిత్ర ముడిని నోటితో పట్టుకుంది. మేస్త్రీ ముడి, తడికి బిగుసుకుపోయింది. పళ్ళతో పీకి పీకి వదులు చేసింది. విప్పుతూ, ఎవరినీ చూడకుండా, మామూలు గొంతుతో మాట్లాడింది. "ఇంక మేము ఆడాల గంగా. బో అలిసిపోయింటావు. నువ్వు కూచో. నజ్మా ఆడతాది."

ముడి విడిపోయింది. పిల్లలందరూ ఒక్కసారిగా బావురుమన్నారు. ఆగస్టులో ఏడవాల్సిన ఏడుపు అది. రెఫరీ వచ్చి టైమయిందన్నాడు. "రెండు నిమిషాలు ఆగప్పా, నీ ఈల ఎక్కడికీ పోదు," అన్నాను. ఆగాడు, మంచివాడే.

సెకండ్ హాఫ్‌లో జట్లు పక్కలు మారాయి గాని, ఎటు నిలబడినా ఎడమ స్టాపర్ చోటు మాకు గంగ చోటే. కాసేపటికే తలుపు తెరుచుకుంది. ఏడో నంబర్ ఎడమ వైపు వచ్చింది, తల ఎత్తింది, ఈసారి ఆగలేదు. సూటిగా దూరింది. నజ్మా తడబడి అడుగు ఆలస్యం చేసింది. గోల్ పడింది. సీజన్ మొత్తంలో ఆ చోట నుంచి మాకు పడిన మొదటి గోల్. నజ్మా మొహం తెల్లబోయింది. చేజేతులా చేశానే అనుకున్నాను.

పవిత్ర పరిగెత్తుకెళ్ళి నజ్మా చెయ్యి పట్టుకుని ఆ చోటి మధ్యకు లాక్కెళ్ళింది. "ఈడ నిలబడు. పక్కన కాదు, ఈడ. అరువు. వింటాము."

తర్వాతిసారి బంతి వచ్చినప్పుడు నజ్మా "రా!" అని అరిచింది. నలుగురూ ఒక్క అడుగు వేశారు. ముందున్న పిల్ల ఏడో నంబర్‌ను గీత వైపు నెట్టింది. నజ్మా అక్కడే కాచుకుని ఉంది, బంతిని నున్నగా లాగేసుకుంది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ లాక్కుంది. ఒకసారి సరిగ్గా విమానం వచ్చింది. నజ్మా నోరు తెరవడం కనిపించింది గాని మాట వినబడలేదు. పవిత్ర నజ్మా వైపు చూసింది, ఆ చూపుతోనే నలుగురూ కదిలారు. నడుము ఎవరూ తడుముకోలేదు. చివరి పావుగంట నజ్మా ఆట చూస్తూ నేను అరవడం మానేశాను. పీడీ పుస్తకం తెరిచి, మూయడం మర్చిపోయింది.

ఒకటి ఒకటితో డ్రా అయింది. పై డివిజన్‌కు వెళ్ళాం. పీడీ వచ్చి నజ్మా మార్కుల కార్డులు తెమ్మంది. మస్తాన్ వింటూ టవల్‌తో ట్యాక్సీ అద్దం తుడుస్తూనే ఉన్నాడు, తుడిచిందే మళ్ళీ తుడుస్తూ. "అంగడికి వేరే మనిషిని సూసుకోమని చెప్తాను," అన్నాడు చివరికి. ఆ సెప్టెంబర్ చివర్లో సీటు ఖాయమైంది.

గ్రౌండ్ ఖాళీ అవుతుండగా ఏడో నంబర్ అమ్మాయి బూట్లు చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చింది. కన్నడంలో అడిగింది. "మేడం, ఫస్ట్ హాఫ్‌లో ఆ మూల ఒక అక్క ఆడింది కదా, నడుముకు పసుప్పచ్చ దారం కట్టుకుని. పోయిన మ్యాచ్‌లలో కూడా ఉందని మావాళ్ళు చెప్పారు. ఆ అక్క ముందు నుంచి పోవాలంటే నాకు కాళ్ళు రాలేదు. సెకండ్ హాఫ్‌లో కనబడలేదే. మార్చేశారా?"

మ్యాచ్‌లో దారం ఎవరూ కట్టుకోరు. ఆ పిల్ల మా ప్రాక్టీస్ ఎన్నడూ చూడలేదు. నేను గ్రౌండ్ వైపు చూశాను. ఎడమ మూల మట్టి అంతా అడుగులతో నిండి ఉంది.

"అవునమ్మా, మార్చేశాం. అలిసిపోయింది," అన్నాను.

ఆమె చూసిందేమిటో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను. నాకు తెలిసింది నా పనికి సంబంధించింది. కలిసి కాపలా కాయడం నేర్పితే పిల్లలు నేర్చుకుంటారు, కానీ దేన్ని కాస్తున్నారో కోచ్ కనిపెట్టి ఉండాలి. లేకపోతే పోయినదాని కోసం ఉన్నదాన్ని బయట నిలబెడతారు. నేనూ నిలబెట్టాను, గోల్ పడటం లేదు కదా అని.

ఆ దారం ఇప్పటికీ వాడుతున్నాం. చదువుకో, పెళ్ళికో, దేనికో ఒక పిల్ల జట్టు వదిలి వెళ్తే, మర్నాడు పొద్దున అందరం ఆమె నిలబడిన చోట కూర్చుంటాం. ఆమె ముడి విప్పుతాం, ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు. ఆ ముడి కొత్తమ్మాయికి ఇవ్వం. ఆమె నడుము కొలత చూసి, ఆమె పేరు పిలిచి, కొత్త ముడి వేస్తాం.